మూడో మేకుకు గుబ్బ లేదు

మధ్యాహ్నం అన్నం తిని కాస్త ఒరిగితే చాలు, కళ్ల ముందు ఇత్తడి గుబ్బలు తేలుతాయి. గోదావరి మీద వాన మొదలైనప్పుడు నీళ్లపై బుడగలు లేస్తాయే, అలా ఒకటి లేస్తుంది, పక్కనే ఇంకొకటి లేస్తుంది, రెండూ మెల్లగా కొట్టుకుపోతాయి. ఏ ఒక్కటీ పగలదు. ఖానాపురం హవేలిలో నేనుండే కిరాయి గది కిటికీ కింద షేర్ ఆటో హారన్ కొట్టేదాకా నేను ఆ నీళ్ల పక్కనే కూర్చుని ఉంటాను.

పాతికేళ్లకు పైగా నేను చేసిన పని కత్తి పిడులకు గుబ్బ మేకులు వేయడం. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్కలో చెబుతాను. కత్తి రేకు వెనక్కి సాగి ఉండే భాగాన్ని తోక అంటాం. ఆ తోకకు అటొక చెక్క, ఇటొక చెక్క ఆనించి, మూడింటికీ కలిపి బెజ్జం వేసి, ఇత్తడి కడ్డీ ముక్క దూర్చి, పైకి మిగిలిన కొసను సుత్తితో గుండ్రంగా తీర్చాలి. సగం కందిగింజలా లేచి మెరిసే ఆ తలే గుబ్బ. చూసేవాళ్లకు అది సోకు. పట్టుకునేవాళ్లకు ఏమిటన్నది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు, ఫోన్లలో కత్తుల ఫోటోలు పెట్టి అమ్ముకునేవాళ్లు, నన్ను రాయమన్నారు. నాకు వచ్చిన శాలువాల గురించీ, సంఘంలో నా మీద తిరిగిన ఫిర్యాదు కాగితాల గురించీ రాయను. కొన్ని తప్పులు, ఇద్దరు యజమానులు, అన్నిటికంటే ఎక్కువగా ఒక మనిషి చెయ్యి, వీటి గురించే రాస్తాను. సత్తుపల్లి యేసురత్నం అన్న మళ్లీ కత్తి పట్టగలడా, లేదా అన్నదే నాకు ఈ వృత్తి పెట్టిన పరీక్ష.

ముందే ఒక సంగతి చెప్పుకోవాలి. నేను అబద్ధాల మనిషినని కారేపల్లి నుంచి భద్రాచలం దాకా అందరికీ తెలుసు. ఒక ఎలుగుబంటి మా షెడ్డుకు వచ్చి, తేనెపట్టు కోసే కత్తికి పిడి వదులైందని చూపించి, నేను బిగించేదాకా బెంచీ మీద కూర్చుని వెళ్లిందని ఒకసారి అన్నాను. మూడేళ్లకు ఆ కథ తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది. అప్పటికి ఎలుగుబంటి టీ కూడా తాగింది. ఇంకొకటి ఉంది. ఒక గోరింక నేను మెరుగుపెట్టిన గుబ్బలో తన మొహం చూసుకుని మూడు రోజులు దాన్ని పొడుస్తూనే ఉంది, చివరికి గుబ్బకు మసి పూస్తేగాని వదల్లేదు. ఇది నిజంగా జరిగింది. దీన్ని మాత్రం ఇప్పటివరకు ఒక్కరూ నమ్మలేదు. కాబట్టి జంతువులు వచ్చిన చోట మీ ఇష్టం. మేకులు వచ్చిన చోట నన్ను నమ్మండి.

చెట్టుకు ఇంకా తెలియదు

కారేపల్లి రైల్వే గేటు దాటాక ఎడమ చేతి వైపు రేకుల షెడ్డు ఉండేది. మస్తాన్ చాచాది. చుట్టుపక్కల ఊళ్ల కమ్మరులు రేకులు కొట్టి పంపితే, మేం పిడులు వేసేవాళ్లం. నేను అక్కడ చేరింది పిడులను గరుకు కాగితంతో రుద్దడానికి. ఆడమనిషి సుత్తి పట్టడమేమిటని ఎవరైనా అంటే చాచా తల కూడా ఎత్తేవాడు కాదు. "సుత్తికి తెల్వదు గదా, ఎవరు పట్టిన్రో" అనేవాడు.

అక్కడ పొద్దు మరో రకంగా నడిచేది. రేకుల కప్పులో చిల్లుల నుంచి ఎండ పుల్లల్లా దిగేది. ఆ పుల్లల్లో చెక్కపొడి తేలుతుండేది. అడవి వైపు నుంచి గాలి తిరిగితే వేసవిలో ఇప్పపూల వాసన వచ్చి, అందరికీ కళ్లు మూతలు పడేవి. గూడ్సు బండి ఒకటి గేటు దగ్గర ఆగి మా సుత్తి చప్పుడు విని కదిలేదని చెబితే మీరు నవ్వుతారు. సిగ్నల్ కోసం ఆగేదట. కావచ్చు.

నా మొదటి తప్పు అక్కడే. చింత చెక్క అందంగా ఉందని, ఎండిందో లేదో చూడకుండా ఒక వంటల మేస్త్రీ కత్తికి పిడి వేశాను. నెల తిరగకముందే ఆయన వచ్చి కత్తిని బల్ల మీద పెట్టాడు.

"ఏందమ్మా ఇది? నా కత్తి నన్నే గుడ్లురిమి చూస్తున్నది, కప్పలెక్క!"

నిజంగానే కప్పే. చెక్క ఎండి లోపలికి కుంచించుకుపోయింది. మేకులు అక్కడే ఉండిపోయి, గుబ్బలు కళ్లలా పైకి లేచాయి. కింద సన్నని సందు. పిడి కటకట కదులుతోంది.

చాచా తిట్టలేదు. అదే దుంగలోని ఇంకో ముక్క తెచ్చి నా చెంపకు ఆనించాడు.

"సల్లగున్నదా?"

"ఉన్నది చాచా."

"అంటే లోపల నీళ్లున్నయ్. సచ్చిపోయినట్టు ఆ చెట్టుకు ఇంకా తెల్వదు బేటీ. తెలిసేదాక ఆగాలె."

చేతికి తెలియని తడి చెంపకు తెలుస్తుంది. ఎండిన చెక్క చెంప మీద ఏమీ అనిపించదు, మన ఒంట్లో భాగంలాగే ఉంటుంది. ఇప్పుడు తేమ కొలిచే మీటర్లు వచ్చాయి. కొనుక్కోండి, తప్పులేదు. కొన్నాక కూడా ఒకసారి చెంపకు పెట్టుకోండి.

చప్పుడు మారే చోటు

ఇనుము పని చూసి ఇత్తడి దగ్గరికి వచ్చేవాళ్లు అందరూ చేసే తప్పు ఒకటుంది. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. ఇత్తడిని అలాగే కాల్చి ముంచితే మెత్తబడుతుంది. ఇది నమ్మబుద్ధి కాదు. నేనూ నమ్మలేదు. కాల్చకుండానే కొట్టాను. నాలుగు దెబ్బలకే గుబ్బ అంచు ఎండిన చెరువు మట్టిలా పగిలింది. సుత్తి దెబ్బలకు ఇత్తడి బిరుసెక్కుతుంది, దానికి మళ్లీ నిప్పు చూపించి శాంతపరచాలి. చూపించేది కూడా మేకును బెజ్జంలోకి దూర్చకముందే, లేకపోతే చెక్క కాలుతుంది.

తర్వాత కొట్టడం. చిన్న సుత్తి, చిన్న దెబ్బలు, కొస చుట్టూ తిరుగుతూ. ఆఖరున మొనలో చిన్న గుంట ఉన్న ఉక్కు పనిముట్టు, పంచి అంటాం, అది ఆనించి రెండు దెబ్బలు వేస్తే గుబ్బ గుండ్రంగా కూర్చుంటుంది. అన్నిటికంటే కష్టమైంది ఆపడం. మేకు వదులుగా ఉన్నంతసేపూ చప్పుడు టంగుమని పైపైన మోగుతుంది. చెక్కను గట్టిగా పట్టుకున్న క్షణాన ఆ మోత పోయి, దబ్బుమని లోపలికి దిగుతుంది. అక్కడ ఆపాలి. ఇంకొక్కటి వేద్దాం, ఇంకా బాగా వస్తుంది అని వేసిన దెబ్బకే చెక్క చీలుతుంది. నేను చీల్చిన చెక్కలన్నీ ఆ ఒక్క అదనపు దెబ్బతో చీలినవే.

రెండేళ్ల కింద నేను సుత్తి దించేసింది కూడా అందుకే. కుడి చెవి మందగించింది. మోత ఎప్పుడు పోయిందో వినబడనప్పుడు, చేతిలో ఎంత పనితనం ఉన్నా అది ఇంకొకరి చెక్కను చీల్చడానికే పనికొస్తుంది.

జిగురు సేటు

మధ్యలో ఒక ఏడాది చాచాను వదిలి వెళ్లాను. భద్రాచలంలో గుడికీ గోదావరికీ వచ్చే యాత్రికులకు "అడవి కత్తులు" అని అమ్మే ఒక దుకాణంలో చేరాను. ఆ సేటు పేరు రాయను. మనిషి మెత్తన, ఫ్యాను కింద కూర్చోబెట్టేవాడు, రోజుకు నాలుగు టీలు.

ఆయన పద్ధతి వేరు. పిడిని జిగురుతో అంటించేయడం, పైన గుల్ల గుబ్బలు, అంటే మేకు లేని ఉత్త తలలు, అంటించడం. గంటకు పన్నెండు పిడులు. చూడటానికి నా గుబ్బల కంటే అవే బాగుండేవి, ఎందుకంటే అవన్నీ ఒకే అచ్చులో పుట్టినవి.

"సేటూ, ఇవి ఊడిపోతయి" అన్నాను.

"ఊడేసరికి వాళ్లు వాళ్ల ఊళ్ల ఉంటరమ్మా. ఆ కత్తితోని వాళ్లేం కోస్తరు, గోడకు పెట్టుకుంటరు. నువ్వు ఒక కథ చెప్పు, చాలు."

చెప్పాను. సిగ్గు లేకుండా చెప్పాను. అయిదు గుబ్బల కత్తి పట్టిన ఒక ముత్తాత జలపాతాన్ని అడ్డంగా కోస్తే, కోసిన చోట నీళ్లు ఇప్పటికీ సరిగా అతుక్కోలేదని చెప్పాను. జనం కళ్లు పెద్దవి చేసుకుని కొన్నారు. ఒకరోజు ఒక పెద్దావిడ అలాంటి కత్తే పట్టుకుని తిరిగొచ్చింది. కొబ్బరికాయ కొడుతుంటే పిడి ఊడి, రేకు ఎగిరి ఆమె పాదం పక్కన గుచ్చుకుందట. ఆమె డబ్బులు అడగలేదు. "నువ్వు చెప్పినవని పట్టుకున్న బిడ్డా" అంది, అంతే.

ఆ సాయంత్రమే బస్సెక్కి కారేపల్లి వచ్చేశాను. నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు, విన్నవాళ్లు నవ్వుకుని పోతారు. గుబ్బ చూస్తే కింద మేకు ఉందని మనిషి నమ్ముతాడు, నమ్మి బలం వేస్తాడు. అక్కడ అబద్ధం పెట్టకూడదు. సేటు చెడ్డవాడని నేను అనను. కత్తిని ఎవరూ పట్టుకోరని నిజంగానే అనుకున్నాడు.

మార్తమ్మ ముందు వచ్చింది

ఇప్పుడు యేసురత్నం అన్న సంగతి. ఆయనకంటే ఒకరోజు ముందు ఆయన భార్య మార్తమ్మ ఒంటరిగా వచ్చింది. సత్తుపల్లి నుంచి రెండు బస్సులు మారి, చెమటతో, ఎర్రమట్టిలో నడిచి. నీళ్లు ఇస్తే తాగకుండానే మొదలుపెట్టింది.

ఆయన బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. రిటైరయ్యే ముందు కుడి చెయ్యి ఒకసారి నలిగింది. ఎముకలు అతుక్కున్నాయిగానీ, బొటనవేలికీ చూపుడువేలికీ స్పర్శ పోయింది.

"వేళ్లు ఉన్నయి వదినా, వేళ్లల్ల మనిషి లేడు" అంది మార్తమ్మ.

ఇరవై ఏళ్లుగా వాళ్ల చర్చిలో కోత పండుగకు మాంసం కోసే బల్ల దగ్గర పెద్ద ఆయనే. ఏ ముక్క కూరకు, ఏ ముక్క బిర్యానీకి అన్నది ఆయన చేతికి తెలుసు. చెయ్యి నలిగాక ఒకసారి ఇంట్లో కత్తి పట్టాడు. కత్తి అరచేతిలో తిరిగిపోయింది, ఆ సంగతి ఆయనకు తెలియలేదు. మాంసం పట్టుకున్న ఎడమ చెయ్యి తెగింది. దవాఖానాలో ఆరు కుట్లు.

"నెత్తురు చూసి నన్ను పిలిచిండు. 'మార్తా, ఎవరికో తెగింది' అన్నడు. ఎవరికో! అర్థమైతందా నీకు?"

"అయింది వదినా."

"రేపు వత్తడు, కొత్త పిడి ఎయ్యమంటడు. కాదని చెప్పు. కథలు మంచిగ చెప్తవంట గదా. ఏదో ఒకటి చెప్పి పంపు."

నా కీర్తి అంత దూరం పాకినందుకు, నిజం చెప్పొద్దూ, లోపల కాస్త సంతోషపడ్డాను. సరేనన్నాను.

మర్నాడు ఆయన వచ్చాడు. పొడుగు మనిషి, ఇస్త్రీ చొక్కా, చంకలో గుడ్డలో చుట్టిన కత్తి. విప్పి చూస్తే మంచి రేకు, అరిగి అరిగి మెరుస్తోంది. నేను దాన్ని వెలుగులోకి ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాను.

"అన్నా, ఈ ఇనుము అలిసిపోయింది. ఇరవై ఏండ్ల మాంసం దీని లోపల కలలెక్క తిరుగుతున్నది. ఇగ దీనికి పిడి కడితే నిద్రల నడిచినట్టు నడుస్తది. గోధుమల డబ్బాల పెట్టి పడుకోనియ్యాలె."

ఆయన కదలకుండా అంతా విన్నాడు.

"మంచిగ చెప్పినవ్ చెల్లె. మార్త నిన్న వచ్చిందా?"

"లే... ఎందుకట్ల అంటున్నవ్?"

"మా దిక్కు నల్ల దుమ్ము. నిన్న దాని చెప్పులకు ఎర్రమట్టి ఉన్నది."

షెడ్డు వెనక నుంచి చాచా దగ్గు వినిపించింది. నవ్వు ఆపుకునే దగ్గు. యేసురత్నం అన్న బెంచీ మీద కూర్చున్నాడు. అప్పుడు ఆయన గొంతు తగ్గింది.

"పండుగ నాడు నాకు కుర్చీ ఏస్తున్నరు చెల్లె. ముసలోళ్ల పక్కన. టీ ఇచ్చి, 'అన్నా నువ్వు కూసో' అంటరు. బల్ల మీద ఎవడో ఎముక మీద ఎముక నరుకుతుంటడు, నేను చూడాలె. ఆ కుర్చీల నేను ఎన్ని పండుగలు కూసోవాలె? పండుగకు రెండు నెలలున్నది. నాతోని కాదంటే కాదని నేనే ఇడిసిపెడత. ఒక్కసారి చూడు."

నేను కత్తి తీసుకున్నాను.

నా పువ్వు

నా వృత్తిలో అంత అందమైన పిడి అంతకు ముందు వేయలేదు. తునికి చెక్క, లోపలి నల్లటి భాగం. అయిదు గుబ్బలు, పువ్వులా. ఒక్కో గుబ్బ కూర్చునే ముందు దాని మోత ఎక్కడ పోయిందో ఇప్పటికీ చెప్పగలను. బొటనవేలికి దారి తెలియాలని, సరిగ్గా అది ఆనే చోట ఒక గుబ్బ కాస్త ఎత్తుగా పెట్టాను. దానికి మెరుగు పెడుతుంటే అందులో షెడ్డు కప్పు, ఎండ పుల్లలు, నా మొహం, గేటు, గేటు అవతలి టేకు చెట్లు అన్నీ వంగి కనిపించాయి. ఒక చిన్న ఊరు చేసి ఆయన చేతిలో పెట్టినట్టు మురిసిపోయాను.

కత్తి తీసుకెళ్లిన పదో రోజున ఇద్దరూ వచ్చారు. మార్తమ్మ ఆయన కుడి చేతిని పట్టుకుని తెచ్చి నా బల్ల మీద వెల్లకిలా పెట్టింది.

"చూడు. నీ పువ్వు చూడు."

బొటనవేలి మెత్తటి భాగం లోతుగా ఒరిసిపోయి పచ్చిపుండు పడింది. సొరకాయల మీద రోజూ సాధన చేశాడట. గుబ్బ నొక్కుకుంటూ, తోలు లేస్తూ, మాంసం కనబడేదాకా. ఆయనకు ఏమీ తెలియలేదు. స్పర్శ లేని వేలికి దారి చూపాలని నేను గుబ్బ పెట్టాను. స్పర్శే లేనప్పుడు ఏ దారి?

"నొప్పి లేదు చెల్లె, గది పెద్ద ముచ్చట గాదు" అన్నాడాయన.

"నొప్పి లేదు గనుకనే పెద్ద ముచ్చట!" అని మార్తమ్మ అరిచింది. "ఇగ చాలు. కత్తి ఇక్కడనే పారేసి రా."

ఆ రోజు నేను నోరు తెరవలేదు. కథ లేదు, సాకు లేదు. గుమ్మం దగ్గర నవారు మంచం మీద పడుకుని ఉన్న చాచా తల తిప్పి నా వైపు చూశాడు, బతికే ఉన్నానా అని. అప్పటికి ఆయన పని మానేసి చాలా కాలమైంది. రోజంతా నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో ఉండేవాడు.

మీరు ఈ రాతలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. నేను కత్తిని చూశాను, చెక్కను చూశాను, ఇత్తడిని చూశాను. చేతిని అడగలేదు.

నీలం సుద్ద

"భాయ్, ఇటు రా" అన్నాడు చాచా మంచం మీద నుంచే. "కండ్లు మూసుకో."

యేసురత్నం అన్న మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆ చేతిని, లేచి కూర్చున్న చాచా ఒడిలో పెట్టాడు. చాచా నన్ను ఒక విడి మేకు, మేం చెక్క మీద గీతలు గీసే నీలం సుద్ద అడిగి తీసుకున్నాడు. మేకు తలతో అరచేతిని అక్కడక్కడా నొక్కడం మొదలుపెట్టాడు.

"తెలుస్తున్నదా?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు చాచా."

"ఇక్కడ?"

"ఆ... అవ్. తెలుస్తున్నది."

తెలిసిన చోటల్లా ఒక నీలం చుక్క. చాలాసేపు పట్టింది. గేటు పడింది, బండి పోయింది, గేటు లేచింది. మార్తమ్మ కోపంగా నిలబడినది నిలబడినట్టే కిందికి వంగి చూస్తోంది. చివరికి ఆ చేతి మీద ఒక పటం తేలింది. బొటనవేలు, చూపుడువేలు, వాటి కింది దిబ్బ అంతా ఖాళీ. చిటికెనవేలు, ఉంగరపు వేలు, మణికట్టు దగ్గరి అరచేతి మడమ, ఇవన్నీ నీలం. ఏటికి ఒక ఒడ్డున మాత్రమే ఊళ్లున్నట్టు.

"మనిషి ఈ దిక్కున ఉన్నడు" అన్నాడు చాచా. "నువ్వు పోయి ఆ దిక్కున తలుపు కొట్టినవ్ బేటీ." అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

పువ్వును నా చేత్తోనే ఆకురాయితో అరగదీసి, మేకులు వెళ్లగొట్టి, చెక్కలు మార్చాను. ఈసారి మూడే మేకులు. అన్నిటికంటే వెనకది, అరచేతి మడమ ఆనే చోట. దానికి కుడి వైపు మాత్రమే గుబ్బ. మధ్యది, ఉంగరపు వేలి కొస తాకే చోట. దానికి ఎడమ వైపు మాత్రమే గుబ్బ. అంచు నేరుగా కిందికి ఉంటే రెండూ ఒకేసారి ఒంటికి తగులుతాయి. కత్తి ఏమాత్రం తిరిగినా రెంట్లో ఒకటి చెయ్యి వదిలిపోతుంది. ముందు మేకు, బొటనవేలి దగ్గరిది, దానికి గుబ్బ లేదు. రెండు వైపులా చెక్కతో సమంగా అరగదీశాను. కళ్లు మూసుకుని వేలు పోనిస్తే చెక్క ఎక్కడ ఆగిందో, ఇత్తడి ఎక్కడ మొదలైందో నాకే తెలియకూడదు. ఆ ఒక్క మేకుకు ఒక పూట పట్టింది. ఎవరూ చూడని ఆ మేకే నేను వేసిన వాటన్నిటిలో మంచిది.

పుండు మానాక వాళ్లిద్దరూ మళ్లీ వచ్చారు. మార్తమ్మ నన్ను నమ్మలేదు, చాచాను నమ్మలేదు. తనే పరీక్ష పెట్టింది. ఆయనను కళ్లు మూసుకోమని, కత్తి వెన్ను పట్టుకుని తిప్పింది.

"తిరిగింది" అన్నాడు.

సరిచేసి ఇంకా కొంచెం తక్కువ తిప్పింది.

"తిరిగింది."

ఈసారి అసలు తిప్పకుండా, తిప్పినట్టు మోచెయ్యి కదిపింది.

"మార్తా, తిప్పకుండనే ఎందుకు ఊగుతున్నవ్?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "ఇక్కడ బెంచీ మీద తెలుస్తది. అక్కడ పాటలుంటయి, పొగ ఉంటది, జనం పిలుస్తుంటరు. అక్కడ తెలుస్తదా?" అంది. "పండుగ దాక సొరకాయలే" అని కత్తిని తన సంచిలో పెట్టుకుంది.

కోత పండుగ పొద్దున

నన్ను పిలిచారు, వెళ్లాను. చర్చి ముందు షామియానా కింద గుమ్మడికాయలు, అరటి గెలలు, వరి కట్టలు గుట్టలుగా పోసి ఉన్నాయి. మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. పొయ్యిల పొగ దానితో కలిసి మనుషుల నడుముల దాకా పాకింది. అందరూ తెల్లటి ఏట్లో నడుస్తున్నట్టున్నారు. లోపల ఎవరో పాట సరిచూసుకుంటున్నారు, ఒకే చరణం మళ్లీ మళ్లీ.

వెనక వేపచెట్టు కింద మాంసం కోసే బల్ల. యేసురత్నం అన్న చొక్కా చేతులు మడిచి నిలబడ్డాడు. ఆయన కోసం వేసిన కుర్చీ మీద ఎవరో కొత్తిమీర కట్టలు పెట్టారు. మార్తమ్మ ఆయనకు మూరెడు దూరంలో, చేతులు కట్టుకుని, రెప్ప వేయకుండా ఆ కుడి చేతినే చూస్తోంది. నేను ఆమె పక్కన చేరాను.

"వదినా, టిఫిన్ తిన్నవా?" అన్నాను.

"మాట్లాడకు."

ఆయన మొదలుపెట్టాడు. మొదటి ముక్కలు నెమ్మదిగా పడ్డాయి. తర్వాత చెయ్యి దారిలో పడింది. టక్, టక్, టక్. ఎముక దగ్గర ఆగి కీలు వెతుక్కుని జారిపోవడం, కూర ముక్క ఒక వైపు, బిర్యానీ ముక్క ఒక వైపు. ఒకాయన వచ్చి "యేసురత్నం అన్నా, మళ్లొచ్చినవా బల్ల కాడికి!" అని భుజం మీద చరిచాడు. అన్న నవ్వుతూ అటు తిరిగాడు. చెయ్యి ఆగిపోయింది. నవ్వుతూనే ఉన్నాడు, మొహం ఇటు తిప్పలేదు. మణికట్టు మాత్రం కొంచెం కదిలింది, అరచేతి మడమ పిడి మీద ఒకసారి ఒత్తుకుంది, ఉంగరపు వేలు లేచి మళ్లీ దిగింది. అప్పుడు కత్తి మళ్లీ కదిలింది. వచ్చినాయన ఏమీ గమనించలేదు.

మార్తమ్మ గమనించింది. ఇంకొంచెంసేపు అక్కడే నిలబడింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుని, ఆయనకు వీపు పెట్టి, పది అడుగులు నడిచి బియ్యం గిన్నె ముందు కూర్చుంది. నేనూ ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. బల్ల నాకు కనబడుతోంది, ఆమెకు కనబడదు.

గిన్నెలో చేతులు పెట్టి బియ్యం కడగడం మొదలుపెట్టింది. టక్, టక్, టక్. నీళ్లు తెల్లబడ్డాయి. చప్పుడు ఆగింది. నీళ్లలో ఆమె చేతులూ ఆగాయి. తల మాత్రం తిప్పలేదు.

"ఆగిండా వదినా?" అని నన్నడిగింది.

"ఆగిండు."

"ఏం చేస్తున్నడు?"

ఆమె భుజం మీదుగా చూశాను.

"సర్దుకుంటున్నడు" అన్నాను.

టక్, టక్. మార్తమ్మ తెల్లనీళ్లు ఒంపేసి, గిన్నె నాకు దగ్గరగా జరిపి, "కొత్త నీళ్లు పొయ్యి" అంది.